జైళ్ల రద్దీ, కొత్త బ్యారక్‌లు: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పరప్పన అగ్రహార సెంట్రల్ జైలు బయట ములాఖత్ కోసం, అంటే లోపలున్న తమవాళ్లను కలవడం కోసం, కూర్చున్నవాళ్లలో తెలుగు మాట ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది. హిందూపురం, కదిరి, మదనపల్లె, కుప్పం వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాళ్లు కొందరు. రూమ్మేటు కోసం మారతహళ్లి, బొమ్మనహళ్లి పీజీల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇంకొందరు. నేను వకీలును కాను. పారా లీగల్ వాలంటీరుగా కొన్నేళ్లు తిరిగాను. కన్నడ కాయితం చదివి అందులో ఏముందో తెలుగులో చెప్పడమే నా పని. గేటు దగ్గర అడిగే ప్రశ్నలు ఒకలా ఉంటాయి, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగేవి ఇంకోలా ఉంటాయి. రెండు రకాలకూ ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

జైలు కెపాసిటీ అంటే మంచాల లెక్కా?

కాదు, నేల కొలత. చాలా బ్యారక్‌లలో మంచాలే ఉండవు. జైళ్లు ఎలా ఉండాలో కేంద్రం రాసిన నమూనా నియమావళి, మోడల్ ప్రిజన్ మాన్యువల్ (2016) ప్రకారం బ్యారక్‌లో పడుకునే ఒక్కో మనిషికి 3.71 చదరపు మీటర్ల నేల ఉండాలి, ఒంటరి సెల్ అయితే 8.92. కొత్తగా కట్టే బ్యారక్‌లో 20 మందికి మించి పెట్టకూడదు. ఈ కొలతతో మొత్తం నేలను భాగిస్తే వచ్చేదే అధికారిక కెపాసిటీ.

చదరపు మీటర్లంటే ఎవరి కళ్లకూ కట్టదు. 3.71 అంటే దాదాపు 40 చదరపు అడుగులు. ఒక ఆదివారం మా హాల్లో సోఫా జరిపి సుద్దముక్కతో గీసి చూశాను. కింగ్ సైజు పరుపంత వచ్చింది. మా అత్తగారు చూసి "బాగానే ఉందే, ఒక్కడికి ఇంకెంత కావాలి?" అన్నారు. సంచి, బకెట్, పళ్లెం, చెప్పులు, పక్కవాడు బాత్‌రూముకి వెళ్లే దారి, అన్నీ ఆ గీతల్లోనే సర్దుకోవాలని చెబితే ఇంకేం మాట్లాడలేదు. అది వంద శాతం నిండినప్పటి మాట. 131 శాతం నిండితే ఒక్కొక్కరికి 30 చదరపు అడుగులు, అంటే మామూలు డబుల్ కాట్ పరుపంత. 200 శాతమైతే సింగిల్ కాట్. అప్పుడు అటు ఇటు దొర్లాలన్నా పక్కవాడితో చెప్పి దొర్లాలి.

ఒకసారి కదిరి నుంచి వచ్చిన ఒకామె జంపఖానా చంకన పెట్టుకుని అడిగింది: "మావోడు యాడ పండుకుంటాడు మ్మా? కింద బండేనా?" ఆమెకి చదరపు అడుగులు చెప్పలేదు. అవునమ్మా, బండే అన్నాను.

దేశం మొత్తం మీద ఎంత రద్దీ ఉంది?

నేర గణాంక సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా జైళ్ల లెక్క వేస్తుంది. 2022 డిసెంబరు 31న దేశంలో 1,330 జైళ్లు, వాటిలో 4,36,266 మందికి చోటు ఉన్నాయి. లోపల ఉన్నది 5,73,220 మంది. అంటే 131.4 శాతం. ఇది సగటు. ఎక్కడో తాలూకాలో సగం ఖాళీగా ఉన్న సబ్‌జైలు కూడా ఈ సగటులోనే ఉంది కాబట్టి, పెద్ద ఊళ్ల జైళ్ల అసలు ఇరుకు ఈ అంకెలో కనబడదు.

ఇంకో జైలు కట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

వాట్సాప్ గ్రూపులో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కట్టి చూశారు. 2002-03లో కేంద్రం మొదలుపెట్టిన జైళ్ల ఆధునికీకరణ పథకం విలువ రూ. 1,800 కోట్లు. అందులో 75 పైసలు కేంద్రానివి, 25 పైసలు రాష్ట్రాలవి. కొత్త జైళ్లు, అదనపు బ్యారక్‌లు, సిబ్బంది క్వార్టర్లు చాలానే లేచాయి. ఆ తర్వాత రాష్ట్రాలు సొంతంగానూ కట్టాయి.

2012 చివర దేశం మొత్తం కెపాసిటీ 3,43,169. లోపల ఉన్నది 3,85,135 మంది, అంటే 112 శాతం. పదేళ్ల తర్వాతి లెక్క పైన చెప్పాను. ఆ రెండూ తీసివేసి చూడండి: పదేళ్లలో కొత్తగా వచ్చిన చోట్లు 93,097, కొత్తగా పెరిగిన మనుషులు 1,88,085. ఒక్క చాప పరిచేసరికి ఇద్దరొచ్చి నిలబడ్డారు. తూము తెరవకుండా కట్ట ఎత్తు పెంచుకుంటూ పోయిన చెరువులా ఉంది వ్యవహారం.

అయితే కట్టొద్దంటారా?

అలా అనను. బెయిలు సంస్కరణ ఎప్పుడో వస్తుంది, ఈ రాత్రి పడుకోవాల్సినవాడికి చోటు ఈ రాత్రే కావాలి. పాత బ్యారక్ పైకప్పు కారుతుంటే దాన్ని పడగొట్టి మళ్లీ కట్టాల్సిందే. నా అభ్యంతరం ఒక్కటే. 'వెయ్యి మందికి కొత్త బ్లాకు' అని ప్రకటించినప్పుడు మనం గోడల ఖర్చు ఒక్కటే చూస్తాం.

మాన్యువల్ ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలి. వెయ్యి మందికి 1,35,000 లీటర్లు. బెంగళూరు వాళ్లకి అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే 12 వేల లీటర్ల ట్యాంకర్లు రోజూ పదకొండు రావాలి, ఆ పైన ఇంకొంచెం. 2024 వేసవిలో బోర్లెండిపోయి మన సొసైటీలు ఒక్క ట్యాంకర్ కోసం ఎన్ని ఫోన్లు చేశాయో గుర్తు తెచ్చుకోండి. తర్వాత కాపలా. ఆరుగురు ఖైదీలకు ఒక వార్డర్ చొప్పున వెయ్యి మందికి 167 మంది కావాలి. వాళ్లకి జీతాలు, సెలవులు, ఉండడానికి ఇళ్లు. వంటగది, మురుగునీటి ప్లాంటు, డాక్టరు, కోర్టుకి తీసుకెళ్లే ఎస్కార్టు వీటన్నిటికీ అదనం. ఇవేవీ పెంచకుండా బ్లాకు ఒక్కటే కడితే, ఎక్కువమందిని కుక్కడానికి ఇంకో గోదాము దొరికినట్టే.

జైలుని ఊరికి దూరంగా కట్టొచ్చు కదా?

కట్టారు. ఒకసారి కాదు, రెండుసార్లు. బెంగళూరు పాత సెంట్రల్ జైలు శేషాద్రి రోడ్డులో ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో కట్టినప్పుడు అది ఊరి అంచు. తర్వాత ఊరు దాన్ని దాటి చాలా దూరం పోయింది. 2000 ప్రాంతంలో ఖైదీలను పరప్పన అగ్రహారకి మార్చారు. అప్పుడు అది పొలాల మధ్య ఉండేది, ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లే. పాత జైలు 2008లో ఫ్రీడమ్ పార్కు అయింది. ఊళ్లో ఎవరు ధర్నా చేయాలన్నా ఇప్పుడు పోలీసులు చూపించే చోటు అదే. పాత జైలు గోడల మధ్యే నినాదాలివ్వడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఎమర్జెన్సీలో వాజపేయి, అద్వానీ, మధు దండవతేలను పెట్టింది ఆ పాత జైల్లోనే. మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఇంకోటుంది. నటి స్నేహలతారెడ్డి. తెలుగు కవి పట్టాభిరామరెడ్డి భార్య. తీవ్రమైన ఆస్తమా ఉన్న మనిషిని నెలల తరబడి విచారణ లేకుండా అక్కడే ఉంచారు. 1977 జనవరిలో విడుదలైన కొద్దిరోజులకే చనిపోయారు.

దూరం సంగతికి వస్తే, జైలు ఎంత దూరమైతే వాయిదాలకి తీసుకెళ్లే వ్యాన్లకి అంత డీజిలు, అన్ని గంటలు, అంతమంది పోలీసులు. ఎస్కార్టు దొరకని రోజు ఖైదీ కోర్టుకి పోడు, వాయిదా పడుతుంది. వాయిదా పడితే ఇంకో నెల లోపలే. వీడియోలో హాజరు చూపించే వీలుంది కానీ, మొదటిసారి రిమాండుకు మాత్రం మనిషిని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాల్సిందే.

పరప్పన అగ్రహార జైలు పక్కన ఫ్లాటు కొనొచ్చా?

కొనొచ్చు. ఫోను సిగ్నల్ మాత్రం చూసుకుని అడ్వాన్సు ఇవ్వండి. లోపలి జామర్ల వల్ల తమ ఫోన్లు పనిచేయడం లేదని చుట్టుపక్కల వాళ్లు గోల చేసిన సంగతి పేపర్లలో వచ్చింది.

లోపల ఉన్నవాళ్లంతా తప్పు చేసినవాళ్లే కదా, మన ట్యాక్సు డబ్బుతో వాళ్లకి సౌకర్యాలెందుకు?

తప్పు చేశారని కోర్టు తేల్చినవాళ్లు 2022 చివర లోపల నాలుగోవంతు కూడా లేరు. అప్పుడు మొత్తం 5,73,220 మందిలో విచారణ ఖైదీలు, అంటే కేసు ఇంకా తేలనివాళ్లు, 4,34,302 మంది, 75.8 శాతం. శిక్ష పడ్డవాళ్లు 1,33,415. ఈ అంకెల్లో నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది ఒకటుంది. దేశంలోని మొత్తం జైళ్ల కెపాసిటీ 4,36,266. విచారణ ఖైదీలే 4,34,302. కేసు తేలనివాళ్లతోనే దేశంలోని జైళ్లన్నీ నిండిపోయాయన్నమాట. శిక్ష పడ్డవాళ్ల కోసం మిగిలింది 1,964 చాపలు.

రద్దీకి ఎన్ని కారణాలైనా చెప్పొచ్చు. నేను మాత్రం ముందు ఈ లెక్క దగ్గరే ఆగుతాను. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని, ముందు నోటీసు ఇవ్వమని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అది స్టేషన్ స్థాయిలో ఎంత బాగా అమలైతే బ్యారక్‌లో అంత చోటు మిగులుతుంది, సిమెంటు ఖర్చు లేకుండా.

మావాడికి బెయిలొచ్చింది, అయినా వదలడం లేదు. ఎందుకు?

గేటు దగ్గర తెలుగువాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. జవాబు ఒక్క మాటలో షూరిటీ.

బెయిలు ఆర్డరులో 'ఇంత మొత్తానికి ఇద్దరు జామీనుదారులు' అని ఉంటుంది. ఆస్తి కాయితాలతో ఇద్దరు కోర్టుకొచ్చి సంతకం పెట్టాలి. బెంగళూరులో అయితే పహణీ, అంటే కర్ణాటక భూమి రికార్డు, అడుగుతారు. మనవాళ్ల దగ్గర ఉండేది ఆంధ్ర పట్టాదారు పాసుపుస్తకం, 1బి కాపీ. నాకు తెలిసిన ఒక డ్రైవరు కుర్రాడి కోసం వాళ్ల మేనమామ పాసుపుస్తకం పట్టుకుని రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు. ఒక కోర్టు ఆఫీసులో దాన్ని తిరగేసి చూసి, ఇది చదవరాదు, లోకల్ షూరిటీ తెమ్మన్నారు. ఆయన ఆ పుస్తకాన్ని మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, చొక్కా లోపల దోపుకుని నాతో కాఫీ కూడా తాగకుండా బస్టాండుకి వెళ్లిపోయాడు. కుర్రాడు ఆ పైన నలభై రోజులు లోపలే ఉన్నాడు. బెయిలు మంజూరైన మనిషి నలభై రాత్రులు ఒకరి చోటు ఆక్రమించి పడుకున్నాడు. దీనికి కొత్త బ్యారక్ మందు కాదు.

చట్టం మన పక్షానే ఉంది. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసులో ఇదే జరిగింది. అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు షూరిటీ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఎక్కడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో పట్టుబడ్డ మలయాళీ, కన్నడిగ, తమిళుడు, తెలుగువాడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్ణుంచి తెస్తాడని నిలదీశారు. పేరు పెట్టి తెలుగువాడి సంగతి అడిగిన తీర్పు అది. మీ వకీలుకి గుర్తు చేయండి.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొన్ని సూచనలు ఇచ్చింది. బెయిలు ఆర్డరు సాఫ్ట్ కాపీని అదే రోజు, లేదా మర్నాడు, జైలు సూపరింటెండెంటుకి ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవా ప్రాధికార కార్యదర్శికి తెలపాలి. నెలలోపు పూచీకత్తు కట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చు. లోకల్ షూరిటీ అనే షరతు పెట్టకపోవడం మంచిదని కూడా అందులోనే ఉంది.

ఒక హెచ్చరిక. షూరిటీ ఇప్పిస్తామని వెంటపడే దళారులకు డబ్బివ్వకండి. దొంగ కాయితమని తేలితే బెయిలూ పోతుంది, ఇంకో కేసూ మెడకు చుట్టుకుంటుంది.

షూరిటీ పెట్టే స్తోమతే లేకపోతే?

దారులు మూడున్నాయి. బెయిలు ఇవ్వదగ్గ నేరమై, వారంలో షూరిటీ తేలేకపోతే, ఆ మనిషిని పేదగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని చట్టమే చెబుతోంది. మిగతా కేసుల్లో షరతు తగ్గించమనో, షూరిటీ బదులు నగదు డిపాజిటుకి అనుమతివ్వమనో పిటిషన్ వేయొచ్చు. 2023లో కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం కూడా పెట్టింది. మొదలుపెట్టినప్పుడు విచారణ ఖైదీకి బెయిలు కోసం రూ. 40 వేల దాకా, శిక్ష పడ్డవాడికి జరిమానా కోసం రూ. 25 వేల దాకా ఇస్తామన్నారు. ఇంట్లోవాళ్లు అడక్కపోతే ఫైలు కదలడం కష్టం.

విచారణ ఖైదీని ఎంతకాలం ఉంచొచ్చు? మూడోవంతు రూలంటే ఏమిటి?

ముందు చార్జిషీటు గడువు. పోలీసులు 60 రోజుల్లో, పదేళ్లు ఆ పైన శిక్ష ఉన్న పెద్ద కేసులైతే 90 రోజుల్లో, చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. వస్తుంది కానీ అడగాలి. చార్జిషీటు పడేలోపే అడగాలి. ఒక్కరోజు ఆలస్యమైనా చేజారిపోతుంది.

ఆ తర్వాతిది పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్. ఇంతకుముందెప్పుడూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపల గడిపేస్తే బాండు మీద వదలాలి. మిగతావాళ్లకి సగం. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు అనుకుందాం. మొదటిసారివాడికి ఏడాది, ఇతరులకి ఏడాదిన్నర. పాత కేసులకీ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ గడువు రాగానే కోర్టుకి దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే.

మెలికలున్నాయి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి ఇది లేదు. మనవల్ల జరిగిన జాప్యాన్ని లెక్కలోంచి తీసేస్తారు. సగం దాటినా ఉంచాల్సిందేనని కోర్టు కారణాలు రాసి చెప్పొచ్చు. అన్నిటికంటే పెద్ద మెలిక ఏమిటంటే, ఒకటికి మించి నేరాలో కేసులో పెండింగులో ఉన్నవాడికి ఈ సెక్షను పనికిరాదు. మన ఎఫ్‌ఐఆర్‌లలో ఒకే సెక్షను రాసేది ఎన్నింట్లో? దొంగతనం పక్కన ఇంట్లో చొరబడ్డాడని ఇంకోటి తగిలిస్తారు. చట్టం ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఇంకో చేత్తో వెనక్కి లాక్కున్నట్టుంది నాకైతే.

రద్దీగా ఉందని వేరే ఊరి జైలుకి మారుస్తారా?

మారుస్తారు. కాయితం మీద రెండు జైళ్లూ బాగుపడినట్టు కనబడుతుంది. బళ్లారికో బెళగావికో మార్చిన మనిషి భార్య మాత్రం నెలకి రెండుసార్లు వచ్చేది రెండు నెలలకి ఒకసారి కూడా రాలేదు. వకీలు అసలే రాడు.

ఓపెన్ జైళ్లు పెంచితే?

మంచివే. గోడలు తక్కువ, ఖర్చు తక్కువ. కర్ణాటకలో దేవనహళ్లి తాలూకా కోరమంగలలో ఒకటుంది (మన సాఫ్ట్‌వేర్ కోరమంగల కాదు). మనవైపు అనంతపురంలో ఉంది. కాకపోతే అక్కడికి పంపేది శిక్ష పడి, సత్ప్రవర్తన చూపినవాళ్లనే. రద్దీలో ముప్పాతిక భాగం విచారణ ఖైదీలైతే, ఓపెన్ జైలు తగ్గించేది మిగిలిన పావులో కొంత.

కోవిడప్పుడు చాలామందిని వదిలేశారు కదా, అప్పుడు తగ్గలేదా?

2020 మార్చిలో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో హైపవర్డ్ కమిటీ వేయించింది. పెరోల్, మధ్యంతర బెయిలు మీద చాలామంది బయటికొచ్చారు. అయినా 2019 చివర 4,78,600 ఉన్న సంఖ్య 2020 చివరికి 4,88,511 అయింది. వెనక తలుపు తెరిచారు కానీ ముందు తలుపు మూయలేదు.

బెంగళూరు జైలు గురించి సుప్రీంకోర్టు తీర్పేదో ఉందట?

ఉంది. రామమూర్తి వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం, 1996 డిసెంబరు. శేషాద్రి రోడ్డు పాత జైల్లోని ఒక ఖైదీ ప్రధాన న్యాయమూర్తికి రాసిన ఉత్తరమే పిటిషనుగా మారింది. దేశంలోని జైళ్లకు తొమ్మిది జబ్బులున్నాయని కోర్టు వరసగా రాసింది. మొదటిది రద్దీ, రెండోది విచారణలో ఆలస్యం. ఆ వరస నాకు నచ్చుతుంది. తర్వాత బెంగళూరుకి కొత్త జైలొచ్చింది, మొదటి జబ్బుకి మందు దొరికిందనుకున్నారు. రెండోదాన్ని ముట్టుకోలేదు కాబట్టి మొదటిది తిరగబెట్టింది.

మావాడు లోపలున్నాడు, కన్నడ రాదు, వకీలు లేడు. ఇప్పుడేం చేయాలి?

15100కి ఫోన్ చేయండి, న్యాయ సహాయం హెల్ప్‌లైన్. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి, 1987 చట్టం అది. నేరుగా వెళ్లాలంటే రాష్ట్ర న్యాయ సేవా ప్రాధికార ఆఫీసు సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనంలో ఉంది. వెళ్లేముందు ఒక చీటీ మీద ఇవి రాసుకోండి: క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషను, సెక్షన్లు, అరెస్టు తేదీ, మొదటి రిమాండు తేదీ, జైలు నంబరు. ఆ రెండు తేదీలు మాత్రం తప్పు రాయొద్దు. 60, 90 రోజుల లెక్క మేజిస్ట్రేటు మొదటిసారి రిమాండు ఇచ్చిన తేదీ నుంచి, మూడోవంతు, సగం లెక్కలు అరెస్టు తేదీ నుంచి మొదలవుతాయి.

ములాఖత్‌కి ఎలా రావాలి?

ఈ-ములాకాత్ పోర్టల్లో ముందుగా బుక్ చేసుకోండి. ఫోన్లో చేయడం రాకపోతే మీ ఊళ్లో మీసేవ కుర్రాణ్ణి అడగండి. ఆధార్ ఒరిజినల్, జిరాక్సు రెండూ తెచ్చుకోండి. 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైన్ మెట్రో నడుస్తోంది. హొస రోడ్ స్టేషన్‌లో దిగితే అక్కణ్ణుంచి ఆటో. పొద్దున్నే టిఫిన్ తిని రండి, పేరు పిలిచేసరికి ఎంతసేపవుతుందో చెప్పలేం. జంపఖానా తెస్తే మాత్రం లోపలికి పంపుతారో లేదో ముందు కౌంటర్లో అడిగి, అప్పుడు సంచి విప్పండి.